అందరికీ ఒకే దువ్వెన

“వీల్లేదు అత్తయ్యా. ఇంకొక్క చుక్క కూడా ఆ తలమీద పడటానికి వీల్లేదు.”

“నువ్వు పుట్టకముందు నుంచీ ఈ ఊళ్ళో పిల్లల తలలకి కిరసనాయిలే రాస్తున్నారమ్మాయ్. ఎవరి తలా ఊడి కిందపళ్ళేదు.”

“మండే పొయ్యి పక్కన కూర్చోబెట్టి రాశారా?”

“మరెక్కడ కూర్చోబెట్టమంటావు? వసారాలో, ఆ చలిగాలిలోనా?”

“అసలు రాయకుండా ఉండాల్సింది!”

ఈ గొడవ అరగంట నుంచీ నడుస్తోంది. గొడవకు కారణమైన ఆరేళ్ళ కాలినా వంటింటి మధ్యలో ముక్కాలిపీట మీద, మెడ చుట్టూ తువ్వాలుతో, ఏడ్చి ఏడ్చి ఎర్రబడ్డ కళ్ళతో కూర్చుని ఉంది. తల్లి వెనేతా కుట్టు ఫ్యాక్టరీ బస్సు దిగి ఇంట్లో అడుగుపెట్టేసరికి పిల్ల తలకు ఒక ప్లాస్టిక్ సంచీ, దానిమీద ఉన్ని గుడ్డా చుట్టి ఉన్నాయి. గది నిండా కిరసనాయిలు వాసన. పిల్ల వీపుకు జానెడు దూరంలో ఇనుప పొయ్యిలో కట్టెలు భగభగ మండుతున్నాయి. చేతిసంచీ ఎక్కడ పడేసిందో వెనేతాకే తెలియదు. పిల్లను ఎత్తుకుని స్నానాలగదిలోకి పరిగెత్తి, సబ్బుతో మళ్ళీ మళ్ళీ కడిగింది. వాసన కొంత పోయింది కాని చెవుల వెనకా మెడమీదా చర్మం ఎర్రగా కందిపోయి ఉంది. అక్కడ వేలు ఆనిస్తే చాలు, కాలినా కెవ్వుమంటోంది.

“రాత్రికి తగ్గిపోతుంది,” అంది అత్తగారు స్తోయ్నా. చేస్తున్న అల్లిక ఒళ్ళో పెట్టుకుని, ఊలు సూది ఒకటి తలగుడ్డ కిందికి పోనిచ్చి చెవి పైన గోక్కుంది. ఉన్ని తలగుడ్డ కట్టడం మొదలుపెట్టినప్పటి నుంచీ, అంటే చలికాలం వచ్చినప్పటి నుంచీ, ఆమెకు ఆ అలవాటు పట్టుకుంది.

“కత్తెర తెండి, పీడా పోతుంది,” అన్నాడు కాలినా తండ్రి రుమెన్. అతను అప్పుడే ట్రాక్టరు బాగుచేసి వచ్చి చేతుల గ్రీజు తుడుచుకుంటున్నాడు. “నాకు చిన్నప్పుడు గుండు కొట్టించలేదూ?”

“నువ్వు మగపిల్లాడివిరా! లాజర్ శనివారం పది రోజుల్లోకి వచ్చింది. గుండుతో లాజర్కా పిల్లని ఎక్కడైనా చూశావా? పూలకిరీటం దేనికి తగిలిస్తావు, చెవులకా?”

“మన వంశం చెవులు పెద్దవే కదే. ఆగుతుంది,” అన్నాడు కిటికీ దగ్గర చిక్కుడుగింజలు ఏరుతున్న తాతయ్య దిమో.

ఎవరూ నవ్వలేదు. కాలినా రెండు చేతులతో జుట్టు పట్టుకుని మళ్ళీ ఏడుపు అందుకుంది.

ఆ వంటింట్లో ఉన్న నలుగురు పెద్దవాళ్ళూ ఆ పిల్లను ప్రాణంగా చూసుకునేవాళ్ళే. ఈ సంగతి చదివేవాళ్ళు మరిచిపోకూడదు. పసిపిల్లలకు జరిగే చెరుపు చాలావరకు, వాళ్ళమీద ప్రేమ ఉన్నవాళ్ళ చేతులమీదుగానే జరుగుతుంది. తలలో పేను కనిపించగానే స్తోయ్నాకు మొదట వచ్చిన ఆలోచన పిల్ల బాధ గురించి కాదు. రేపు బాలబడి గుమ్మంలో నర్సు చూస్తే ఊరంతా ఏమంటుందోనని. స్తోయ్నా ఇంటి గిన్నెలు అద్దాల్లా ఉంటాయని పేరు. ఆమె దుప్పట్లు ఎండలో ఆరేస్తే దారినపోయే ఆడవాళ్ళు ఆగి చూస్తారు. అలాంటి ఇంట్లో పేలా?

పైగా ఆమె ఉత్త ఇల్లాలు కాదు. ఈస్టరుకు ముందు వచ్చే లాజర్ శనివారం నాడు ఊళ్ళో ఆడపిల్లలు పూలకిరీటాలు పెట్టుకుని, జంటలు జంటలుగా ఇల్లిల్లూ తిరిగి పాడి, ఆడి, గుడ్లు పుచ్చుకుంటారు. వాళ్ళే లాజర్కాలు. ఆ పాటలన్నీ నోటికి వచ్చిన మనిషి ఊళ్ళో ఇప్పుడు స్తోయ్నా ఒక్కతే. ఈస్టరు ఉపవాసాలు మొదలైన దగ్గర్నుంచీ రోజూ సాయంత్రం పిల్లలు ఆమె ముందుగదిలోనే పాట నేర్చుకుంటారు. పాటకు ముందు ఆమె ఒక్కొక్క పిల్లనే ముందు కూర్చోబెట్టుకుని, తన తల్లి ఇచ్చిన కొమ్ము దువ్వెనతో తల దువ్వి జడ వేస్తుంది. ‘ఒకే చేత్తో, ఒకే దువ్వెనతో దువ్వితే పిల్లలు ఒకే గొంతుతో పాడతారు’ అని ఆమె తల్లి అనేదట. ఆ దువ్వెన దేవుడి పటం పక్కనే మేకుకు వేలాడుతూ ఉంటుంది.

“ఎక్కణ్ణుంచి వచ్చాయో నాకు తెలుసులే,” అంది స్తోయ్నా గొంతు తగ్గించి. “తెలిసే ఇవాళ తేల్చేశాను. రైలుకట్ట అవతలి పిల్లని రేపట్నుంచి రావద్దన్నాను.”

వెనేతా అత్తగారి వైపు తిరిగింది. “ఫిదాంకానా?”

“మహల్లా పిల్లే మరి. ఇంకెవరు? జంటకి ఒకరు తక్కువయ్యారు కదా అని రానిచ్చాను చూడు, నన్ననాలి. ఉన్న పదకొండు మందితోనే కానిచ్చేయాల్సింది.”

“తలలో చూశారా అత్తయ్యా?”

“చూడాలేంటి?”

కాలినా పీట మీంచి లేచి నిలబడింది. తువ్వాలు కిందపడింది. “ఫిదాంకా నా జంట! నా చేతిరుమాలు రెండో కొస పట్టుకునేది తనే! తను రాకపోతే నేనూ రాను. నా జుట్టంతా కత్తిరించేసుకోండి, పోండి!”

ఊళ్ళో పిల్లలు తగ్గిపోయిన రోజులు ఇవి. అందరిలోకీ చిన్నదైన కాలినాకు ఈ ఏడు జంట దొరక్క, వచ్చే ఏడు చూద్దాంలే అని పెద్దవాళ్ళు నచ్చజెప్తుండగా, రైలుకట్ట అవతల రోమా జిప్సీలుండే మహల్లా పేట నుంచి ఫిదాంకా వచ్చింది. ఆ రెండు చిన్న ప్రాణాలకూ అదే మొదటి లాజర్ శనివారం. ఇక పది రోజులే ఉంది.

“ఏడిస్తే ఏడవనీ, మర్చిపోతుంది,” అంది స్తోయ్నా. “రేపు బడికి పంపకు. నర్సుకి ఫోన్ చేసి దగ్గు అని చెప్పు. దగ్గుకి ఎవరూ ఏమీ అనుకోరు.”

వెనేతాకు ఆ మాట నచ్చలేదు. అయినా మర్నాడు పొద్దున ఫ్యాక్టరీ బస్సులో కూర్చుని ఫోన్ చేసింది. దగ్గనే చెప్పింది.

*

సెవ్దా అదే ఫ్యాక్టరీలో వెనేతా వెనక మిషను మీద కాలర్లు కుడుతుంది. ఆమే ఫిదాంకా తల్లి. మధ్యాహ్నం గంట కొట్టాక ఇద్దరూ ఒకే బల్ల దగ్గర తినడం అలవాటు. ఆ రోజు సెవ్దా తన డబ్బా పట్టుకుని గోడవారకు పోయింది. వెనేతా వెళ్ళి పక్కన కూర్చోబోయింది.

“దూరంగా కూర్చో వెనేతక్కా. నీకూ ఎక్కుతాయేమో.”

“సెవ్దా, అదికాదు...”

“ఏదికాదు? పాట మధ్యలో లేపి పంపించేసింది మీ అత్తగారు, పిల్లలందరి ముందరా. ‘మీ మహల్లా పేలు మా గుమ్మంలోకి తేవద్దు’ అందట. చీకటి పడే వేళ రైలుకట్ట ఒక్కతే దాటుకుంటూ వచ్చింది నా కూతురు. రోజూ మా అమ్మ వచ్చి తీసుకెళ్ళేదాకా మీ ఇంట్లోనే ఉంటుంది కదా, నిన్న ఉండనివ్వలేదు. ఆ వేళకి సాయంత్రం బండి వస్తుంది. తెలుసా నీకు?”

వెనేతాకు తెలుసు. ఆ బండి కూత రోజూ తమ వంటింట్లోకి వినిపిస్తుంది.

“పొద్దున్నే దాన్ని నర్సమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. చూడమ్మా, బాగా చూడు అన్నాను. పాయలు పాయలుగా తీసి చూసింది. ఒక్క ఈపి కూడా లేదంది. ఉండదు! ఎందుకుండదో తెలుసా? ప్రతి ఆదివారం మా అమ్మ దాన్ని కిటికీ వెలుతురులో కూర్చోబెట్టి దువ్వుతుంది. మీ పిల్లలకి పేలు పడితే, పాపం పేలు పడ్డాయంటారు. మా పిల్లకి పడితే మా వాళ్ళంతా అంతే అంటారు. అందుకని మాకు ఒక్క పేను కూడా పట్టడానికి వీల్లేదక్కా.” సెవ్దా డబ్బా మూత తీసి, మళ్ళీ పెట్టేసింది. “రాత్రి ఏమడిగిందో తెలుసా? ‘నేను మురికిదాన్నా అమ్మా’ అని. ఏం చెప్పను?”

 తన కూతురికి పేలున్నాయనీ, ఆ సంగతి దాచి పొద్దున తన నోటితోనే అబద్ధం చెప్పాననీ అక్కడే చెప్పేయాలనుకుంది వెనేతా. మళ్ళీ గంట కొట్టేసరికి చెప్పకుండానే లేచింది. మధ్యాహ్నం దాటాక సూపర్‌వైజరును అడిగి, బస్సు కోసం ఆగకుండా నడిచే వెళ్ళింది బాలబడికి.

నర్సు పావ్లినా జుట్టు తెల్లబడిన మనిషి. రోజూ పొద్దున గుమ్మంలో నిలబడి ఒక్కొక్క పిల్ల గొంతు, గోళ్ళు, తల చూసి గాని లోపలికి వదలదు. వెనేతాను చూడగానే, “దగ్గెలా ఉంది?” అంది.

“దగ్గు కాదండీ. పేలు.”

నర్సు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది. “అమ్మయ్య! ఈ వారంలో నాతో నిజం చెప్పిన మొదటి తల్లివి. ఆరుగురు పిల్లలకి దగ్గట. నడి శీతాకాలంలో కూడా లేదు ఈ ఊళ్ళో ఇంత దగ్గు. అందరూ ఆడపిల్లలే, గమనించావా? మగపిల్లలకి అంటని దగ్గు నా ఉద్యోగంలో ఇదే మొదటిసారి.”

వెనేతా నవ్వబోయి, ఆగింది. “అందరూ లాజర్కాలేనా?”

“అందరూ. పెద్దబడి పిల్లల సంగతి నాకు తెలీదు. మీ ఇంట్లోనే కదూ పాట?”

వెనేతా చెప్పింది. గుండ్రంగా తలలు ఆనించి కూర్చోవడం, ఒకరి జడలో ఒకరు రిబ్బను ముడివేసుకోవడం, పాటకు ముందు అత్తగారి కొమ్ము దువ్వెన. చెబుతున్నకొద్దీ ఆమె గొంతు తగ్గుతూ వచ్చింది.

“ఆ దువ్వెన అందరి తలల్లోనూ పెడుతుందా?”

“అందరికీ. కాదు... ఫిదాంకాకి మాత్రం పెట్టదు. ‘నీ తల మీ ఇంట్లోనే దువ్వించుకుని రా’ అంటుంది. కూర్చోవడం కూడా గుమ్మం పక్కన, విడిగా. ఆటలో కూడా రుమాలుకి ఆ కొసా ఈ కొసా పట్టుకుంటారు, అంతే.”

నర్సు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. తర్వాత, “చూశావా,” అంది. “మీ ఇంట్లో ఏ పిల్లని దూరం పెట్టారో ఆ తలే శుభ్రంగా ఉంది.”

ఆమె అలమరలోంచి సన్నపళ్ళ పేల దువ్వెన తీసింది. “విను. పేను ఎగరదు, దూకదు. తలకి తల ఆనితే నడిచిపోతుంది. దువ్వెన మీద కూడా పోతుంది. దానికి కావలసింది వెచ్చటి తల. రోజూ కడిగిన తలా, కడగని తలా అని చూడదు. ఎవరి ఇంటి పిల్ల అని అసలే అడగదు. తల తడిపి, జారుడుగా ఉండేటట్టు కండిషనర్ బాగా పట్టించు. మాడుకి ఆనించి మొదలు నుంచి కొస దాకా దువ్వు. దువ్విన ప్రతిసారీ తెల్లగుడ్డకి తుడిచి చూడు. మూడు నాలుగు రోజులకోసారి, రెండు వారాలపాటు. ఎందుకంటే ఇవాళ ఈపిగా ఉన్నది రేపు పేనవుతుంది. ఒకసారి దువ్వి చాలనుకునేవాళ్ళే మళ్ళీ నా దగ్గరికి వస్తారు.”

“మందు రాయనా?”

“రాయొచ్చు. కాని మెడ కందిందన్నావు కదా, అది మానేదాకా కాలినాకి వద్దు. దువ్వెనే మందు. ఇంట్లో అందరి తలలూ చూడు, పెద్దవాళ్ళవి కూడా. ఎవరి తలలో బతికున్న పేను కనిపిస్తే వాళ్ళకే వైద్యం. జుట్టు కత్తిరించక్కర్లేదు. ఇంక ఆ కిరసనాయిలు సీసా...” నర్సు వేలు చూపించింది. “దాన్ని ట్రాక్టరు షెడ్డులో పెట్టించు. నిప్పురవ్వ ఒక్కటి ఎగిరి ఉంటే ఇవాళ నువ్వు నా దగ్గరికి కాదు, ఆసుపత్రికి పరిగెత్తేదానివి.”

గుమ్మం దాకా వచ్చి నర్సు ఇంకోమాట అంది. “దగ్గని చెప్పిన తల్లుల్లో ఒక్కరు మొదట్లోనే నోరు విప్పి ఉంటే, ఇద్దరు పిల్లల దగ్గరే ఆగిపోయేది.”

*

వెనేతా ఇంటికి వచ్చేసరికి ముందుగదిలో పాట లేదు. కొమ్ము దువ్వెన ఒళ్ళో పెట్టుకుని స్తోయ్నా ఒక్కతే కూర్చుని ఉంది. ఇద్దరే పిల్లలు వచ్చారట, పంపించేసిందట. “మిగతావాళ్ళకి దగ్గట,” అంది ఎటో చూస్తూ.

 వెనేతా వంటింట్లో దీపం కిందికి ముక్కాలిపీట లాగింది. కూతుర్ని కూర్చోబెట్టి, తల తడిపి, కండిషనర్ పట్టించి, నర్సు చెప్పినట్టే ఒక్కొక్క పాయే దువ్వడం మొదలుపెట్టింది. కందినచోట దువ్వెన తగలకుండా వేళ్ళు అడ్డం పెట్టింది. తెల్లగుడ్డ మీద చిన్నచిన్న గోధుమరంగు ప్రాణులు కాళ్ళు కదిలిస్తూ వచ్చాయి. కాలినా మెడ వంచి చూసి, “ఇంతేనా! నేనింకా బొద్దింకంత ఉంటాయనుకున్నాను,” అంది.

“తర్వాత ఎవరు?” అంది వెనేతా, దువ్వెనను సలసల కాగే నీళ్ళలో ముంచి తీస్తూ. “నర్సు అందరికీ చూడమంది. రుమెన్, రా.”

“నాకా? నాకెందుకొస్తాయి?”

“కూర్చో.”

రుమెన్ తలలో ఏమీ దొరకలేదు. లేచి, దువ్వెన తీసుకుని భార్య తల దువ్వాడు. ట్రాక్టరు విప్పినంత జాగ్రత్తగా దువ్వి, కొంతసేపటికి గుడ్డ చూసి గొంతు సవరించుకున్నాడు.

“ఉందా?”

“ఒకటి...”

“ఉంటే ఉందని చెప్పు. దానికి గొణుగుడెందుకు?” అంది వెనేతా. అత్తగారికి వినపడాలనే కాస్త గట్టిగా అంది.

“నన్ను వదిలేయండర్రా,” అన్నాడు దిమో బట్టతల నిమురుకుంటూ. “ఇక్కడికి పేనొస్తే జారిపడి చస్తుంది.”

మిగిలింది స్తోయ్నా. గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తోంది. పెళ్ళయినప్పటి నుంచీ ఆమె తల తలగుడ్డ లేకుండా ఇంట్లోవాళ్ళు కూడా సరిగా చూసి ఎరగరు.

“నాకక్కర్లేదు. శనివారం శనివారం తల కడుక్కునేదాన్ని నేను.”

“నానమ్మా, రా,” అంది కాలినా తడిజుట్టుతో వచ్చి చెయ్యి పట్టుకుని. “రోజూ నా పక్కనే కదా పడుకుంటావు, నా దిండు మీదే. ఏం నొప్పి పుట్టదు. కిరసనాయిలులా మండదు.”

ఆ చివరి మాటకు స్తోయ్నా కళ్ళు పిల్ల చెవుల వెనక ఎర్రటి చర్మం మీద పడ్డాయి. ఆమె వచ్చి పీట మీద కూర్చుంది. తలగుడ్డ ముడి విప్పి పక్క మేకుకు తగిలించింది. సన్నటి నెరిసిన జడ వీపుమీద పడింది.

వెనేతా దువ్వడం మొదలుపెట్టింది. మొదటి పాయ తుడిచి, గుడ్డ అత్తగారికి కనపడకుండా మడవబోయింది.

“ఇలా ఇవ్వు,” అంది స్తోయ్నా.

దీపం వెలుగులో పెట్టి చూసింది. చాలాసేపు చూసింది. కాలినా తొంగిచూసి, “అబ్బో, నానమ్మవి నావాటికంటే పెద్దవి!” అంది.

“పెద్దమనిషి కదే,” అనబోయి దిమో, భార్య ముఖం చూసి ఊరుకున్నాడు.

“ఉన్నిగుడ్డ దురద అనుకున్నాను,” అంది స్తోయ్నా ఎవరికీ కాకుండా. “చలికాలమంతా సూదితో గోక్కుంటూనే ఉన్నాను. అమ్మాయ్, ఆ పిల్ల మనింటికి ఎప్పుడొచ్చింది?”

“ఉపవాసాలు మొదలయ్యాక.”

“అప్పటికే నాకు దురద.”

 పొయ్యిమీద చిక్కుడుగింజల చారు ఉడుకుతోంది. వెనేతా దువ్వుతూనే, నర్సు అన్న మాటలూ, సెవ్దా అన్న మాటలూ ఒకదాని తర్వాత ఒకటి మెల్లగా చెప్పింది. ఫిదాంకా తలలో ఒక్క ఈపి కూడా లేదని చెప్పింది. రైలుకట్ట సంగతి చెప్పింది. ‘నేను మురికిదాన్నా అమ్మా’ అన్న మాట దగ్గర ఆమె చేయి ఆగింది. స్తోయ్నా తల ఎత్తలేదు.

“దాని తలకి నా దువ్వెన తాకనివ్వలేదు,” అంది స్తోయ్నా. “మా అమ్మ దువ్వెన మైలపడుతుందని.”

వెనేతాకు చెప్పడానికి చాలా మాటలున్నాయి. నిన్నటి కోపం ఇంకా పూర్తిగా చల్లారలేదు. కాని తన చేతికింద ఉన్న ఆ ముసలి తల ఎంత చిన్నదో ఆమెకు అప్పుడే తెలిసింది. ఇందాక పిల్ల తల దువ్వినంత మెత్తగా ఆ తల కడిగి, తువ్వాలు కప్పింది. “పొద్దున నేనూ అబద్ధమే చెప్పాను అత్తయ్యా,” అంది.

బల్లమీద పళ్ళేలు పెట్టారు. దిమో రొట్టె కోశాడు. అందరూ కూర్చున్నారు గాని స్తోయ్నా కూర్చోలేదు. ముందుగదిలోకి వెళ్ళి, కొమ్ము దువ్వెనను ఒక గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టి వచ్చింది. తడిజడ భుజం మీద వేసుకుని బల్ల చివర నిలబడింది.

“రుమెన్,” అంది మామూలు గొంతుతోనే. “తిన్నాక ఆ పదిమంది తల్లులకీ ఫోన్ చెయ్యి. దగ్గని చెప్పకు. స్తోయ్నా తలలో పేలు దొరికాయని చెప్పు. రేపు సాయంత్రం అందరూ పిల్లల్ని తీసుకుని ఇక్కడికి రావాలి. ఎవరి దువ్వెన వాళ్ళే తెచ్చుకోవాలి. పావ్లినాని కూడా రమ్మను, ఎలా దువ్వాలో చూపిస్తుంది. పీట మీద మొదట నేను కూర్చుంటాను.”

రుమెన్ చెంచా కింద పెట్టేశాడు. “అమ్మా, ఊరంతా...”

“లాజర్ శనివారానికి పన్నెండు మందే పాడతారు. పదకొండు కాదు. నేను ఇప్పుడు రైలుకట్ట దాటి వెళ్ళి ఆ పిల్లని అడుగుతాను. వాళ్ళమ్మ తలుపు తియ్యకపోతే బయటే నిలబడతాను. కాలినా, బూట్లు వేసుకో.”

“చారు చల్లారిపోతుందే,” అన్నాడు దిమో. “తల తడిగా ఉంది. జలుబు చేస్తుంది.”

“చెయ్యనీ. దగ్గు కూడా రానీ. ఈసారి నిజం దగ్గే అవుతుంది.”

కాలినా అప్పటికే గుమ్మంలో ఒక బూటు తొడుక్కుని రెండోదాని కోసం వెతుకుతోంది. వెనేతా లేచి, మేకుకున్న తలగుడ్డ తీసి అత్తగారి చేతికి ఇవ్వబోయింది. స్తోయ్నా దాన్ని తీసుకుని మడిచి, ఉడకబెట్టాల్సిన దిండుగలీబుల మీద పెట్టింది.

“తలగుడ్డ లేకుండానే వెళ్తావా అమ్మా? దారిలో అందరూ చూస్తారు,” అన్నాడు రుమెన్.

“చూడనీరా. పేను ఎవరి తలకైనా పడుతుంది, ఓపిగ్గా దువ్వితే పోతుంది. నా తల కప్పుకుని ఇంకొకరి పిల్ల మీద నింద వేశానే, సిగ్గుపడాల్సింది దానికి.”